ఏడుకొండలు కుక్కకు నేర్పిన పాఠం

బాన్సువాడ దాటి కాలువ గట్టు దిగితే ఒక క్యాంపు ఉంది. గోదావరి జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ వరి భూములు కొన్నవాళ్ల ఇళ్లు. వరసలో చివరి ఇల్లు ఏడుకొండలుది. గేటుకు ఎడమ పక్క జామచెట్టు. జామచెట్టుకు గొలుసు. గొలుసుకు మేజర్.

మేజర్ కుక్క. ఏడుకొండలు దాన్ని కుక్క అననిచ్చేవాడు కాదు.

ఏడుకొండలు పొడవైన మనిషి. మాట్లాడేటప్పుడు ఎదుటివాడి తల మీదుగా చూసేవాడు, ఆ వెనక ఇంకా తెలివైన వాడెవడో నిలబడి ఉన్నట్టు. ఇల్లు, పొలం, గేదెలు, రేషన్ కార్డు, ఒంటిమీది చెమటతో సహా అన్నీ బాన్సువాడవే. మీది ఏ ఊరని ఎవరైనా అడిగితే మాత్రం "తణుకండి" అనేవాడు. అక్కడ అతనికి మిగిలింది ఇద్దరు బావమరుదులు.

1969లో తెలంగాణ కావాలని ఊరేగింపులు మొదలయ్యాయి. ఒకరోజు బాన్సువాడ బస్టాండు దగ్గర స్కూలు పిల్లలు నినాదాలిచ్చారు. ఎండ ముదిరాక ఇళ్లకు పోయారు. ఏడుకొండలు గోలీసోడా తాగుతూ అంతా చూశాడు. ఇంటికి వచ్చి భార్యతో అన్నాడు.

"మన మీదికి వస్తారే."

వెంకటరత్నమ్మ బియ్యం ఏరుతోంది. "ఎవరండీ?"

"వీళ్లే. ఇక్కడివాళ్లు."

"పొద్దున పక్క పొలం గంగమణక్క వంకాయలు పంపింది. ఆవిడా?"

"నీకు తెలీదు. ముందు వంకాయలే పంపుతారు."

ఆ వారంలోనే మేజర్ వచ్చింది. తణుకు నుంచి కొబ్బరికాయలు తెచ్చిన లారీ డ్రైవరు ఇచ్చిపోయాడు. సగం అల్సేషన్ అన్నాడు. ఏ సగమో చెప్పలేదు.

కుక్కపిల్లను పెంచడంలో ఏడుకొండలుకు గట్టి అభిప్రాయాలున్నాయి. ఏ ఒక్కటీ కుక్కను చూసి కలిగినది కాదు. చెవుల కొసలు బ్లేడుతో కోశాడు. కోస్తే రోషం వస్తుందని క్యాంపులో అందరి నమ్మకం. రోషం వచ్చిందో లేదో తెలియదు, నొప్పి వచ్చింది. మజ్జిగన్నంలో ఎండుకారం కలిపాడు. పగలంతా కట్టేశాడు. తను తప్ప ఎవరూ ముట్టుకోకూడదన్నాడు, ఎవరూ ముద్ద పెట్టకూడదన్నాడు. ఆడుకోవలసిన వయసులో అది జామచెట్టు చుట్టూ తిరిగి నేల మీద ఒక గుండ్రని బాట వేసుకుంది. గడ్డి మళ్లీ అక్కడ మొలవలేదు.

తర్వాత అసలు చిక్కు వచ్చింది. కుక్క అందరినీ చూసి మొరిగితే లాభం లేదు. బావమరుదులు వస్తుంటారు. క్యాంపు వాళ్లు వస్తుంటారు. మొరగవలసిన వాళ్లను ఏరి మొరగాలి. ఇక్కడివాళ్లు ఎలా ఉంటారు? పంచె, తలగుడ్డ, ఎండకు మాడిన ముఖం. అచ్చం తనలాగే ఉన్నారు. ఏడుకొండలు చాలాసేపు ఆలోచించి, తేడా నోట్లో ఉందని తేల్చాడు.

పొలం పనికి వచ్చే ధర్మాను పిలిచాడు. ధర్మా తండా మనిషి, ఇంట్లో లంబాడీ మాట్లాడతాడు. పిల్ల గుర్తుపట్టకుండా అతనికి గోనెసంచి కప్పి కంచె బయట నిలబెట్టాడు.

"పిలువు."

"ఏమని పిలువాలె?"

"మీరు ఎలా పిలుస్తారో అలాగే."

"మేము లంబాడీల పిలుస్తం."

"అది కాదయ్యా. ఊళ్లోవాళ్లలా."

ధర్మా గొంతు సవరించుకున్నాడు. "ఓ అన్నా, ఉన్నవా? ఏం చేస్తున్నవ్?"

ఏడుకొండలు చిటికె వేసి ఉసిగొల్పాడు. పిల్ల తోక ఊపింది. మళ్లీ పిలిపించాడు, మళ్లీ ఉసిగొల్పాడు. చివరికి ఏం చేయాలో తోచక అది ఒకసారి భౌమంది. వెంటనే ఎండుచేప తల దొరికింది. ఇక ఆ పిల్లకు చెప్పవలసింది లేదు. వానాకాలం అయిపోయేసరికి ధర్మా గోనెసంచి తీసేసి మామూలుగా కంచె దగ్గరికి రావడానికి కూడా భయపడ్డాడు.

మీదికి రావలసిన జనం ఆ ఏడు రాలేదు. మరుసటి ఏడూ రాలేదు. వచ్చినవాళ్లు వేరే పనుల మీద వచ్చారు. నారు మిగిలిందా అని ఒకరు, పెళ్లికి పిలవడానికి ఒకరు, గేదె ఇటు వచ్చిందా అని ఒకరు. గేటు దగ్గర "ఓ అన్నా" అనేవాళ్లు. మేజర్ గొలుసు తెగేలా దూకేది. గంగమణి ఊరి కాపుల ఆడమనిషి, అదే కాలువ మీద చెరుకు వేస్తుంది. వెంకటరత్నమ్మతో మాట్లాడాలంటే ఆమె పొలం గట్టు మీద నిలబడి అరిచేది. వంకాయలు మాత్రం పంపడం మానలేదు, కంచె మీదుగా విసిరేది.

ఒక వేసవి మధ్యాహ్నం తెల్ల లాల్చీ వేసుకున్నాయన గేటు తీసుకుని వచ్చాడు. "ఏవండీ, మాది కూడా తణుకేనండి. ఆయ్, దాహం వేసి ఆగానండి" అన్నాడు. మేజర్ తోక ఊపింది, అతని చెప్పులు నాకింది. వెంకటరత్నమ్మ చల్ల కలపడానికి లోపలికి వెళ్లింది. వచ్చేసరికి ఆయన లేడు, అరుగు మీద తోమి బోర్లించిన ఇత్తడి గుండిగ లేదు. గేటు జాగ్రత్తగా వేసి ఉంది.

"మర్యాదస్తుడే," అంది వెంకటరత్నమ్మ.

"తణుకు వాడు అయ్యుండడు," అన్నాడు ఏడుకొండలు.

"కుక్క అవునంది."

అతను గుండిగ పోయినందుకు కన్నా, కుక్క తప్పు చేయనందుకు ఎక్కువ బాధపడ్డాడు.

పిల్లలున్న ఇంట్లో భాష ఒకచోట నిలవదు. కూతురు బుజ్జమ్మ బాన్సువాడ బడికి పోయి బాన్సువాడ మాటలు తెచ్చుకుంది. ఒకసారి గేటు దగ్గరే "అమ్మా, ఆకలైతుందే" అంటే మేజర్ గుర్రుమంది. పిల్ల ఆగి "ఆకలేస్తోందమ్మా" అని దిద్దుకుంది. మేజర్ పడుకుంది. ఆ తర్వాత ఇంట్లో ఒక పద్ధతి ఏర్పడింది. కుక్కకు వినపడే మేర తణుకు, ఆ అవతల బాన్సువాడ. వెంకటరత్నమ్మ నాట్లలో ఆడవాళ్లతో ఇక్కడి మాటే మాట్లాడేది, జామచెట్టు కనపడగానే కొంగు సర్దుకున్నట్టు నోరు సర్దుకునేది. ఏడుకొండలు గర్వపడ్డాడు. క్యాంపులో పిల్లలందరి భాషా చెడిపోయిందని, తన ఇంట్లో చెడలేదని చెప్పుకునేవాడు. ఆ ఇంట్లో పంతులు ఎవరో అతనికి తట్టలేదు.

ఇలా ఏళ్లు గడిచాయి. ఒక యాసంగిలో, రెండో పంట వేళ, గొలుసు కొక్కెం అరిగిపోయింది.

ఆ రోజు వచ్చినవాడు దేవిదాస్. కాలువ మీద లష్కరు. ఏ తూము ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు దించాలో అతని చేతిలో ఉంటుంది, తూముల తాళాలు అతని నడుముకు ఉంటాయి. వంతు నీళ్లు ఎప్పుడొస్తాయో చెప్పడానికి గేటు దగ్గర నిలబడి "ఓ అన్నా" అన్నాడు. కొక్కెం ఊడింది. ఖాకీ నిక్కరు కింద పిక్క మేజర్ నోట్లో పడింది.

వరి అప్పుడు పాలు పోసుకుంటోంది. ఇంకొక్క తడి పడితే గింజ నిండుతుంది. పడకపోతే తాలు. ఏడుకొండలు కట్టు కట్టిన కాలును వెతుక్కుంటూ కాలువ గట్టుకు పోయాడు. దేవిదాస్ తూము దిమ్మె మీద కూర్చుని బీడీ తాగుతున్నాడు.

"కాలెట్లుంది దేవిదాసన్నా?" అన్నాడు ఏడుకొండలు. ఆ మాట ఎలా అన్నాడో అతనికే వినపడలేదు.

"కాలు మంచిగనే ఉంది. దవాఖానల బొడ్డు సుట్టు సూదులు పొడుస్తుండ్రు. గది మంచిగ లేదు."

"కుక్కన్నంక కరుస్తది గదా."

"అందర్ని కరిస్తే నేను గంతే అనుకుందును. మొన్న నీ బావమర్ది వచ్చిండు, సక్కగ లోపటికి పోయిండు. నీ కుక్క ఆయన ముంగట పండుకొని పొట్ట సూపెట్టింది. నేను ఓ అన్నా అంటే తిట్టినట్టు వినవడ్డది దానికి."

"దానికేం తెలుసు."

"దానికి తెల్వదు, నీకు తెలుసు. ధర్మా అంత చెప్పిండు." దేవిదాస్ బూడిద రాల్చాడు. "మాది డోంగ్లి దిక్కు. ఇంట్ల మరాఠీ మాట్లాడుతం. నేను తెలుగు నేర్సుకున్నదే మీ అసొంటోళ్లతోని పనివడి. నేర్సుకున్నందుకు గిట్లయింది."

ఏడుకొండలు అతని తల మీదుగా చూశాడు. అక్కడ ఎవరూ లేరు.

"ఇగ ఇను," అన్నాడు దేవిదాస్. "నీ వంతు రోజు వస్త. గేటు కాడ నిలవడి పిలుస్త. కుక్క గమ్మునుందా, నీ తూము ఎత్తుత. మొరిగిందా, నీ వంతు గంగమణక్క చెరుకుకు పోతది. నీళ్లు కావాల్నో నీ మిలిటరీ కావాల్నో సోంచాయించుకో."

ఇంటికి వచ్చి భార్యకు చెప్పాడు. వెంకటరత్నమ్మకు పెద్ద ఆలోచన అక్కర్లేకపోయింది.

"ఆ మాట వినపడ్డప్పుడల్లా, అది మొరగకముందే చేప తల పెట్టండి."

"మొరిగాక కదే పెట్టేవాళ్లం?"

"అందుకే మొరుగుతోంది."

"తినేసి మొరిగితే?"

"కొన్నాళ్లు మొరుగుతుంది. ఆ మాట వెనకాల తిండి వస్తుందని తెలిశాక మానేస్తుంది. కాస్త గొలుసు విప్పి పొలం దాకా తిప్పుకు రండి. పాపం, ఆ చెట్టు తప్ప దానికి ప్రపంచం లేదు."

"మరి భయం ఎలా వస్తుంది?"

"భయం ఎందుకండీ? ఊరుకుంటే చాలు కదా."

"భయం లేకుండా ఎవరైనా ఊరుకుంటారా?" అన్నాడు ఏడుకొండలు. నిజంగానే అడిగాడు. అతనికి తెలిసిన లోకంలో అలాంటివాళ్లు లేరు.

చేప తలల మాట ఒప్పుకున్నాడు. దానికి తోడు ఒక కర్ర కోశాడు.

పిలిచేవాళ్లు కావాలి. ధర్మా రానన్నాడు. ఏడుకొండలు గంగమణి చెరుకు తోట దగ్గరికి పోయాడు.

"అక్కా, జర మా గేటు కాడికి వచ్చి రెండు మాటలు మాట్లాడాలె."

"ఎవలతోని?"

"మేజర్‌తోని."

గంగమణి కొడవలి పక్కన పెట్టి నవ్వింది. "గిన్నేండ్లు నన్ను గట్టు మీద నిలవెట్టినవ్. వంకాయలు రాళ్ల లెక్క ఇసిరించినవ్. ఇప్పుడు వచ్చి నీ కుక్కకు సుద్దులు చెప్పాల్నా? నాకేం పనిలేదా?"

"నీకు నీళ్లొస్తయని గట్లంటున్నవ్."

"వస్తే వద్దంటనా? నువ్వే మాట్లాడు పో. నువ్వు మాట్లాడేది గిదేనాయె."

"నేనా?"

"మరి గిప్పటిదాక ఏం మాట్లాడినవ్?"

ఏడుకొండలు గట్టు మీద నడుస్తూ ఒక మాట మెల్లగా అని చూసుకున్నాడు. ఇంకొకటి అన్నాడు. రెండూ ఇక్కడివే. తణుకు మాట కోసం నోరంతా వెతికాడు. జామచెట్టు కనపడ్డాక గాని దొరకలేదు.

ఆ సాయంత్రమే పాఠం మొదలైంది. ఏడుకొండలు జామచెట్టు ముందు నిలబడ్డాడు. కుడి చేతిలో కర్ర, ఎడమ చేతిలో ఎండుచేప తల.

"ఓ మేజరన్నా," అన్నాడు. "ఉన్నవా?"

మేజర్ తల వంచి అతన్ని చూసింది. వాసన యజమానిది, మాట శత్రువుది. కాసేపు దానికేమీ అర్థం కాలేదు. తర్వాత నేర్చుకున్నది గుర్తొచ్చి మొరిగింది. కర్ర దిగింది. మొరగడం ఆగాక చేప తల పడింది. మేజర్ దాన్ని తినలేదు.

రోజూ ఇదే. అరుగు మీది నుంచి వెంకటరత్నమ్మ చూసేది. మొదట మొరగడం తగ్గింది. తర్వాత గుర్రుమనడం పోయింది. తర్వాత పళ్లు చూపించడం కూడా మానేసింది. మాట వినపడగానే బిగుసుకుని, చెవుల్లో మిగిలిన భాగాన్ని వెనక్కి పెట్టి, నేల చూస్తూ నిలబడేది.

"చూశావా? మొరగడం లేదు," అన్నాడు ఏడుకొండలు.

"అదేనండి నా భయం. మొరిగితే తెలిసేది."

"నీకు ఏదీ మంచిగ కనవడది," అన్నాడు. అని, జామచెట్టు వైపు చూసి, "కనపడదు" అన్నాడు.

వంతు రోజు వచ్చింది. కాలువలో నీళ్లు వచ్చాయి. తూము దించే ఉంది. పొద్దున్నే గంగమణి పార భుజాన వేసుకుని వచ్చింది. కుక్క మొరిగితే నీళ్లు ఆమెవి, అందుకని ముందుగానే చెరుకుకు నీళ్లు పారే మడవలు సరిచేసుకుని మరీ వచ్చింది. గేటుకు దూరంగా నిలబడింది. ఆ దూరం ఆమె కాళ్లకు అలవాటే.

దేవిదాస్ తాళాల గుత్తి చప్పుడు కాకుండా పట్టుకుని గేటు దగ్గరికి వచ్చాడు. నోరు తెరిచాడు. పిక్కలో ఏదో లాగింది. నోరు మూశాడు. మళ్లీ తెరిచాడు. ఇంతకుముందు ఎన్నడూ రాని గొంతు వచ్చింది.

"ఏవండీ... ఏడుకొండలు గారూ... ఆయ్... ఇంట్లో ఉన్నారాండీ?"

మేజర్ తల ఎత్తింది. తోక ఊపింది.

గంగమణి పార దించి, దాని కర్రను పట్టుకుని నవ్వింది. "ఇదేందిరా దేవిదాసూ. నీ తూముకు తాళం ఉన్నది గాని నీ నోటికి లేదాయె."

"నువ్వు ఊకో అక్కా," అన్నాడు దేవిదాస్ పళ్ల మధ్య నుంచి.

ఏడుకొండలు ఉతికిన పంచె కట్టుకుని లోపల సిద్ధంగా ఉన్నాడు. పిలుపు వినపడింది, మొరగడం వినపడలేదు. అతనికి కావలసింది అంతే. పిలుపు ఏ భాషలో ఉందో పట్టించుకునే స్థితిలో లేడు. గబగబా వచ్చి జామచెట్టు పక్కన, గుండ్రటి బాట మధ్యలో నిలబడ్డాడు. ఒక చెయ్యి మేజర్ తల మీద వేశాడు. అన్నాళ్లుగా అలవాటైన మాట దానంతట అదే వచ్చింది.

"సూసినవా దేవిదాసన్నా, ఎట్ల గమ్మునున్నదో. నేను చెప్పలేదా..."

మేజర్ మొరగలేదు. గుర్రుమనలేదు. తిన్నగా ఏడుకొండలు పిక్క పట్టుకుంది.

కుక్క తప్పు ఏమీ లేదు. మొదటి పాఠం ప్రకారం ఈ మాట అన్నవాణ్ణి పట్టుకోవాలి. రెండో పాఠం ప్రకారం పట్టుకునే ముందు చప్పుడు చేయకూడదు. రెండూ నేర్పినవాడు ఒకడే. రెండూ తు.చ. తప్పకుండా అప్పజెప్పింది.

వెంకటరత్నమ్మ పరుగున వచ్చి, "వద్దమ్మా, విడిచిపెట్టు" అంది మెల్లగా. మేజర్ విడిచిపెట్టి ఆమె చీర వెనక్కి పోయి నక్కింది. అది వణుకుతోంది. ఏడుకొండలు నేల మీద కూర్చున్నాడు. తెల్ల పంచె మోకాలి కింద ఎర్రబడింది.

గేటు బయట దేవిదాస్ తన పిక్క తడుముకున్నాడు. తర్వాత గంగమణి అంది.

"ఇగ నువ్వు మా ఊరోడివైనవన్నా. మేమంటే నమ్మకపోతివి. కుక్కనే చెప్పింది."

దేవిదాస్ తాళాల గుత్తి గలగలలాడించాడు. "మొరగలే కదా. మాట మాటే. తూము ఎత్తుత."

"నువ్వు పిలిసింది ఒక పిలుపా? గది లెక్కకు రాదు," అంది గంగమణి. ఏడుకొండలు కాలు చూసింది. కొంచెంసేపు చూసింది. "పోనీ తియ్. ఇయ్యాల నవ్విన నవ్వుకు ఒక తడి ఇచ్చిన అనుకుంట."

నీళ్లు వచ్చాయి. గింజ నిండింది. ఆ యాసంగి పంటకు వంక పెట్టడానికి లేదు.

బాన్సువాడ దవాఖానలో ఏడుకొండలు బల్ల మీద వెల్లకిలా పడుకున్నాడు. బొడ్డు పక్కన దూదితో తుడుస్తూ కంపౌండర్ అడిగాడు.

"ఏ ఊరు నీది?"

సూది దిగుతోంది. "గీడనే," అన్నాడు ఏడుకొండలు.

"కుక్క ఏడిది?"

"అది తణుకుది."

ఆ మరునాడు వెంకటరత్నమ్మ గొలుసు విప్పింది. అతన్ని అడగలేదు. కర్ర పొయ్యిలో పెట్టింది. పొలానికి పోతూ మేజర్‌ను వెంట తీసుకుపోయింది. దారి పొడుగునా దానితో నోటికి వచ్చిన మాటే మాట్లాడింది, మాట్లాడినప్పుడల్లా కొంగులోంచి ఏదో ఒకటి పెట్టింది. మేజర్ ముసలిది, తొందరగా మారలేదు. మొదట దూరంగా నడిచింది. వర్షాలు పడేనాటికి పక్కన నడిచింది. వరి కోతలప్పుడు గంగమణి గేటు తీసుకుని లోపలికి వచ్చి, వంకాయలు చేతికి ఇచ్చింది. మేజర్ ఒకసారి చూసి, పక్కకు తిరిగి పడుకుంది. ఆ ఇంట్లో ఇంకెవరూ గేటు దగ్గర ఆగి నోరు సర్దుకోలేదు.

మేజర్ ఎనభై ఒకటిలో పోయింది. దాన్ని మార్చింది తనేనని ఏడుకొండలు చెప్పుకునేవాడు. చెప్పుకోగా చెప్పుకోగా బాన్సువాడలో కుక్కల సంగతి తెలిసినవాడని పేరు వచ్చింది. కొత్తగా పిల్లను తెచ్చుకున్నవాళ్లు సలహాకు వచ్చేవారు. కాలి మీది మచ్చను వాళ్లు అనుభవం అనుకునేవారు. అతను వాళ్ల తలల మీదుగా చూస్తూ చెప్పేవాడు. కట్టెయ్యాలో విప్పాలో, తిండి ఎవరు పెట్టాలో, కొట్టాలో వద్దో, ఇవేవీ చెప్పేవాడు కాదు. అవి వెంకటరత్నమ్మను అడిగితే తెలిసేవి. ఆమెను ఎవరూ అడగలేదు.

"ఏం లేదు," అనేవాడు. "పిల్లగున్నప్పటి సంది దానితోని ఇంగ్లీషులనే మాట్లాడాలండి. ఇగ ఏ లొల్లి ఉండది."